హిల్డక్క ఇచ్చి పోయిన పేరు

“నా పేరు నీకిచ్చి పోతుండా. మీ ఇంటాయన పేరు నాకియ్యిమే, తీసుకోని పోతా.”

“సిగ్గక్కా.”

“సరేలే. ఉంచుకో.”

హిల్డక్కకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఒమాను దేశంలో, బర్కాలో మా టైలరింగ్ అంగడి ముందు టాక్సీ ఆగి ఉంది. ఆమె వెనక సీట్లో కూర్చుని, అద్దం దించి అడిగింది. నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఆ ఒక్క మాట అన్నాను. ఆమె నవ్వి అద్దం ఎత్తేసింది. టాక్సీ మలుపు తిరిగి మస్కట్ రోడ్డు ఎక్కింది. నా నోట్లో మా ఆయన పేరు అట్లాగే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు.

ఈ పొద్దున సోహారులో మా ఇంట్లో నా కోడలు శిరీష తడి ఆరని నూలుగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించింది. ఆ ఆవిరి వాసన తగలగానే నేను మళ్ళీ బర్కాకు పోయాను. కొత్త గుడ్డను ముందు తడపాలి, సగం ఆరాక ఇస్త్రీ చెయ్యాలి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోతుంది. హిల్డక్క నాకు నేర్పిన మొదటి పని అది. ఆ వాసనలో నిలబడి ఉండగానే శిరీష గొంతెత్తి తన మొగుణ్ణి కేకేసింది. “రవీ! కంపెనీ బస్సు వచ్చేస్తాది, బయటికి రా!” నాకు ఎప్పటిలాగే ఒళ్ళు జలదరించింది. ఈ పిల్ల నా ఇంటికి వచ్చి ఏళ్ళవుతున్నా నాకు అలవాటు కాలేదు. నోరు తెరిచి రవీ అంటుంది. వాడు పలుకుతాడు. లంచ్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతాడు. సాయంత్రం తిరిగి వస్తాడు. వాడికి ఏమీ కాదు.

ఇక్కడి తెలుగువాళ్ళు ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తారు. మిమ్మల్ని మనిషిని చేసినవాళ్ళ గురించి రాసివ్వండి అని ఈసారి అందరినీ అడిగారట. నాకు సంతకం పెట్టడం వచ్చు, బోర్డులు కూడబలుక్కోవడం కాస్త వచ్చు, అంతే. “నేను చెప్తా, నువ్వు రాయి” అన్నాను శిరీషతో. “నీ మాటను పుస్తకం మాటగా దిద్ది రాస్తాలే అత్తా” అంది. దిద్దుకోనీ. ఆమె పేరు మాత్రం దిద్దవద్దన్నాను. హిల్డా. ఆ పేరును ఒకసారి దిద్దినవాళ్ళు దిద్దారు, అది చాలు.

మాది కడప జిల్లా. మా ఆయన, నేను ఇద్దరం కలిసే బర్కా వచ్చాం, ఒక ఖర్జూరం తోట ఉన్న ఇంటికి. ఆయనకు తోటలో పని, నాకు వంటింట్లో పని. ఆ ఇంటి పెద్దామెను మేం పనివాళ్ళం ‘మామా’ అని పిలవాలి, ఇక్కడ అమ్మ అన్నట్టు. “ఆడమనిషిని పట్టుకోని మామా అంటాండావే, నీ మొగం మండ!” అని మా ఆయన తోట గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేవాడు. మనిషి సన్నం, గొంతు పెద్దది. చెట్టు చివర కూర్చుని పాట ఎత్తుకుంటే వంటింట్లోకి వినిపించేది.

ఆయన్ను నేను ఎన్నడూ పేరు పెట్టి అనలేదు. మా వైపు ఆడది మొగుడి పేరు ఎత్తదు. ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందంటారు. ఆ పేరున్న దేవుడి గుడికి పోయినా ‘సామీ’ అని మొక్కి ఊరుకుంటాం. ఓట్లు రాసుకునేవాళ్ళు గడప దగ్గరికి వచ్చి మొగుడి పేరు అడిగితే పక్కింటామె చెబుతుంది. ఆమె మొగుడి పేరు నేను చెబుతాను. అట్లా మా వీధిలో ఒకరి మొగుడి పేరు ఇంకొకరు మోసేవాళ్ళం. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. బర్కాలో నాకు పక్కింటామె లేదు.

గెలలు కోసే ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన నడుముకు కట్టుకున్న తాడు జారింది. నేను వంటింట్లోనుంచి పరుగెత్తి వచ్చేసరికి యజమాని పికప్ బండి ఆయన్ను వేసుకుని దుమ్ము లేపుకుంటూ పోతోంది. నన్ను వెనకాల ఇంకో బండిలో ఆస్పత్రికి తెచ్చి దింపారు. కిటికీ వెనక ఒక మలయాళీ నర్సమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. “పేషెంట్ కా నామ్ బోలో” అంది. “మేరా ఆద్మీ” అన్నాను. “హా, ఆద్మీ కా నామ్?” అంది. నేను నిలబడిపోయాను. ఆమె మళ్ళీ అడిగింది. నా వెనక వరస పెరుగుతోంది.

అప్పుడు వరసలోనుంచి పొట్టిగా, లావుగా ఉన్న ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అట్లాగే వేసుకుని ఉంది, కళ్ళద్దాలు దారంతో వేలాడుతున్నాయి. ఆమే హిల్డక్క, బీపీ మాత్రల కోసం వచ్చిందట. నేను గొణుక్కుంటున్న తెలుగు ఆమె చెవిన పడింది.

“ఏందిమే, తెలుగుదానివా? ఎందుకట్టా కొయ్యబారిపోయినావు?”

“మా ఇంటాయన లోపలుండాడక్కా. పేరడగతాండారు.”

“అడిగితే చెప్పరాదా?”

“చెప్పకూడదు గదక్కా.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఓరి దేవుడా” అంది. తర్వాత గొంతు తగ్గించి, “సరే, నా చెవిలో చెప్పు, నేను చెప్తా” అంది. చెవిలో చెప్పినా చెప్పడమే కదా. “అహోబిలం కొండ మీది సామి పేరే” అన్నాను. మా వైపు పసిపిల్లను అడిగినా చెబుతుంది ఆ సామి ఎవరో. ఆమె నెల్లూరు వైపు మనిషి, పుట్టినప్పటినుంచీ చర్చికి పోయే మనిషి.

“ఆ కొండ మీద ఎవురుంటారో నాకేం తెలుసు తల్లీ? ఎంకటేశ్వర్లా?”

“కాదు.”

“రాముడా?”

“కాదక్కా.”

“ఆస్పత్రిలో పొడుపుకథలు ఏందిమే నాకు!”

నాకు ఏడుపొచ్చింది. వేరే దారి లేక రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు గోళ్ళలాగా వంచి, పళ్ళు బయటపెట్టాను. ఆ కిటికీ ముందు, అంతమంది అరబ్బుల ముందు, మలబారీల ముందు, బెంగాలీల ముందు. కంప్యూటర్ వెనక నర్సమ్మ బెదిరి లేచి నిలబడింది. ఏదో జంతువు కరిచిందని చెబుతున్నాననుకుంది. “కుక్కా? నక్కా?” అని హిందీలో అడుగుతూ పక్కవాణ్ణి పిలిచింది. హిల్డక్క ఆమెను ఆపి, “సింహం మొగమున్న దేవుడు, మీ కేరళలో ఉండడా?” అంది. నర్సమ్మ ఒక్క క్షణం చూసి ఆ పేరు పలికింది, చివర ఒక సున్నా తగిలించుకుని. నేను తలూపాను. మా ఆయన పేరు ఆ దేశంలో నా ముందర మొదటిసారి వినపడింది ఇంకో ఆడదాని నోటినుంచి.

ఆయన అప్పటికే పోయి ఉన్నాడు. పడ్డచోటే పోయాడని డాక్టరు తర్వాత చెప్పాడు. అడిగిన వెంటనే చెప్పి ఉన్నా నేను చూసేది ఆ మూసుకున్న కళ్ళనే. అందరూ అదే మాట చెప్పి నన్ను ఓదార్చారు. కానీ లోపల మా ఆయన ఒంటరిగా పడుకుని ఉంటే, బయట నేను పళ్ళు బయటపెట్టి సింహం వేషం కట్టాను. ఆ మాట ఎవరికి చెప్పుకోను? ఎవరూ నవ్వలేదు, అది ఇంకా సిగ్గు. ముసుగు తీసి చూపించినప్పుడు కూడా ఓ నా సామీ, ఓ నా దొరా అని ఏడ్చాను గానీ పేరు పెట్టి పిలవలేదు. నా వేళ్ళు ఇంకా వంగే ఉన్నాయట. హిల్డక్క నా పక్కన బెంచీ మీద కూర్చుని ఒక్కొక్క వేలూ పట్టుకుని సాపు చేసింది.

ఆయన్ను పెట్టెలో పెట్టి ఊరికి పంపారు. నేనూ వెంట పోయాను. అక్కడ జరగాల్సినవన్నీ జరిగాయి. రవి అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడి చదువు ఆగకూడదంటే ఎవరో ఒకరం మళ్ళీ ఈ దారి పట్టాలి. ఆస్పత్రిలోనే హిల్డక్క తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి నా చున్నీ చెంగుకు ముడేసింది. నెలలు గడిచాక ఆ ముడి విప్పి రవితో ఫోన్ కలిపించాను.

“అంగట్లో ఒక మిషను ఖాళీగా ఉందిమే. కుట్టడం వచ్చునా?”

“బొంతలు కుడతానక్కా.”

“సరిపోయింది పో. రా.”

సముద్రం వైపు పోయే సందులో ఉండేది ఆ అంగడి. ఒమానీ ఆడవాళ్ళ పొడవు గౌన్లు, వాటి కింద వేసుకునే సిర్వాల్ పైజామాలు కుట్టేవాళ్ళం. చీలమండ దగ్గర బిగుతుగా, జరీ అల్లికతో ఉండాలి అవి. నా చెయ్యి చూసి హిల్డక్క నెత్తి కొట్టుకునేది. “బొంత కుట్టినట్టు కుట్టబాక. ఇది పెళ్ళికి వేసుకునేదిమే, పరుచుకోని పండుకునేది గాదు!” కుట్టింది విప్పించేది, మళ్ళీ కుట్టించేది. విప్పేటప్పుడు దారం తెంచనిచ్చేది కాదు. విప్పడం వచ్చాకే కుట్టడం వస్తుందనేది. నేను ఈ రోజుకూ ఏ గుడ్డ పట్టుకున్నా ముందు దాని లోపలి వైపు చూస్తాను. ఆ చూపు ఆమెదే.

అంగడి బోర్డు మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఆమె పేరే ఉండేది. ఆ ఊళ్ళో అంగడి పేరే మనిషి పేరు. తలుపు తోసుకుని వచ్చిన ఆడవాళ్ళు మిషను ముందు ఎవరు కూర్చుని ఉంటే వాళ్ళనే ‘హిల్డా’ అనేవారు. పక్కన మంగలి అంగట్లో బెంగాలీలందరికీ కలిపి ఒకటే పేరు ఉన్నట్టు. నన్ను పిలిచినా నేను పలికేదాన్ని కాదు, తల వంచుకుని తొక్కుతూ ఉండేదాన్ని.

“పలకవేందిమే? చెవుడా?”

“అది నీ పేరు గదక్కా.”

“నువ్వు పలికితే అరిగిపోతాదా? పలుకు.”

ఒక రోజు ఉమ్ సాలిం అనే పెద్దామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఉమ్ సాలిం అంటే సాలిం తల్లి. ఇక్కడ పెద్ద ఆడవాళ్ళను కొడుకు పేరుతో అట్లా పిలవడం మర్యాద. కొలతలు ఇస్తూ ఆ కూతురు అడిగింది: “నా పేరు నూరా, నూరా అంటే వెలుగు. హిల్డా అంటే ఏమిటి?” హిల్డక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. అవి తీసి ఒకే మాట చెప్పింది. “హర్బ్.” అరబ్బీలో హర్బ్ అంటే యుద్ధం. తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారిగా నవ్వారు. “అందుకా, ప్రతి గౌనూ నడుము దగ్గర బిగించి నన్ను చంపుతున్నావు!” అంది ఉమ్ సాలిం. “గౌను బిగించలేదు, నువ్వే ఊరినావు” అని హిల్డక్క ఆమె నడుము మీద టేపుతో ఒకటి తగిలించింది. ముగ్గురూ నవ్వారు. నాకు ఆ అరబ్బీ సగమే అర్థమైంది. యుద్ధమని ఆడపిల్లకు పేరు పెట్టేవాళ్ళు ఉంటారా అనుకున్నాను.

మధ్యాహ్నం ఇక్కడ అంగళ్ళన్నీ మూసి మళ్ళీ ఎండ తగ్గాక తెరుస్తారు. షట్టరు సగం దించుకుని అన్నం తింటూ హిల్డక్క ఆ కథ చెప్పింది. వాళ్ళమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆమెను కన్నది. బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడ జర్మనీనుంచి వచ్చిన ముసలి డాక్టరమ్మ తెల్లారినప్పటినుంచీ పొద్దుగూకేదాకా వదలకుండా ఉండి తల్లినీ బిడ్డనూ దక్కించింది. నాయనమ్మ ఆ డాక్టరమ్మ చేతులు పట్టుకుని, “నీ పేరేంది దొరసానీ, ఆ పేరే పెట్టుకుంటాం” అందట. డాక్టరమ్మ హిల్డా అని చెప్పి, చెప్పిన వెంటనే బిడ్డకు వద్దులే అందట. తమ దేశపు పాత భాషలో ఆ మాటకు యుద్ధమని అర్థం, తనకే వాళ్ళ నాన్న ఎందుకు పెట్టాడో తెలియదు అందట.

“మా నాయనమ్మ ఏమనిందో తెలుసునా? ‘ఇది పుట్టేదే ఒక యుద్ధమాయె, ఇంకేం పేరు పెడతాం’ అనింది. అట్టా పడింది నాకు.”

“ఆ పేరుతో బాగానే జరిగిందా అక్కా?”

“యాడమ్మే! పెండ్లిదాకా జరిగింది. మా అత్త ఎవురో చర్చి అయ్యగారి కాడ అర్థం కనుక్కోనింది. ఇంట్లో యుద్ధాన్ని పెట్టుకోని కాపరం ఎట్టా చేస్తారని శాంతమ్మ అని మార్చింది. శాంతమ్మ అని పెట్టినంక, మొగుడు కొట్టినా శాంతంగా పడుండాల గదా. పడున్నా.” అన్నం కలుపుతూనే చెప్పింది. “ఏమే అనేవోడు ఆయన. మిగతావోళ్ళు శాంతమ్మా అనేవోళ్ళు. పుట్టింటోళ్ళూ అదే పట్టుకున్నారు. చివరికి ఇల్లొదిలి గల్ఫుకి వస్తుంటే ఏర్‌పోర్టులో గాజు కిటికీ ఎనకాల ఒకాయన పాసుపోర్టు తిరగేసి ‘హిల్డా’ అన్నాడు. నేను ఎనక్కి తిరిగి చూసినామే, ఎవురినబ్బా పిలస్తుండాడని! నా ఎనకాల ఎవురూ లేరు.”

ఆ మాట చెప్పి నీళ్ళు తాగింది. అంగడి పెట్టేటప్పుడు అర్బాబు, అంటే యజమాని, బోర్డుకు ఏదో పువ్వు పేరు రాయిద్దామన్నాడట. ఆమె ససేమిరా అంది. నా చేతిపని కావాలంటే నా పేరే ఉండాలి అని రోజుల తరబడి పట్టుబట్టిందట. “నా పేరు మూసి పెట్టినోళ్ళందరి బదులూ అరబ్బోళ్ళు పిలస్తుండారు సూడు” అని నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది.

“మరి నీ పేరుకి అర్థమేంది?”

“గంగులమ్మ. గంగమ్మ తల్లి పేరక్కా.”

“మీ ఇంటాయన పేరుకి?”

నేను ఏం చేస్తున్నానో తెలియకుండానే రెండు చేతులూ ఎత్తి వేళ్ళు వంచాను. ఒక క్షణం ఇద్దరం అట్లాగే చూసుకున్నాం. తర్వాత ఆమె పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదలు, అదీ ఆ వేషానికే. నవ్వుతూ నవ్వుతూ అన్నం కంచం ముందే ఏడ్చాను.

అప్పటినుంచి ఆమెకు మా ఆయన ‘మీ సింహం’ అయ్యాడు. షట్టరు ఎత్తుతూ, “మీ సింహం ఏం తినేవోడుమే?” అనేది. సంగటి, గోంగూర అని చెప్పేదాన్ని. “మీ సింహం కోపిష్టోడా?” కాదక్కా, పిల్లి. “పాటలు పాడేవోడన్నావే, ఏదీ ఒకటి పాడు.” అదీ పాడేదాన్ని, గొంతు బొంగురుపోయినా. ఆయన నడక, ఆయన నవ్వు, నన్ను ఏడిపించిన మాటలు, అన్నీ ఇచ్చాను ఆమెకు. పేరు ఒక్కటి తప్ప. ప్రతిసారీ చివరికి అక్కడికే వచ్చేది. “ఇయ్యాలన్నా చెప్తావా?” “పో అక్కా.”

ఒకసారి నేను బెట్టు చేస్తున్నాననుకుని అనేసింది. “ఇంకా తగ్గేదానికి ఆయుష్షేముందిమే ఆయనకి?” నేను లేచి మిషను మీద గుడ్డ కప్పేసి రూముకు పోయాను. మర్నాడు కూడా మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఆమె వంజరం చేపలు తెచ్చి పులుసు పెట్టి, గిన్నె నా ముందర తోసి, నా మొహం చూడకుండా కూర్చుంది. “నాకు నోటి దూల. నేను యుద్ధాన్ని గదా” అంది. తర్వాత మెల్లగా అంది. “పన్నెత్తి పిలవకపోతే ఆ మనిషి నీ ఒక్కదానికే మిగుల్తాడు. నీతోనే పోతాడు. నాకూ కొంచెం ఇయ్యిమే. నన్ను పాతిపెట్టినట్టు ఆయన్ని పాతిపెట్టబాక.”

నేను పులుసు పోసుకుని తిన్నాను. ఆమె అనుకున్నది వేరు, నా గొంతుకు అడ్డం పడింది వేరు. ఆయుష్షు భయం ఆస్పత్రితోనే పోయింది. ఉన్నదంతా సిగ్గు. ఇప్పుడు నోరు తెరుచుకుంటే అప్పుడూ తెరుచుకుని ఉండేదని కదా అర్థం. వంటింటి కబుర్లలో, చేపల పులుసు ముందు ఇంత సులువుగా వచ్చే మాట, ఆయన లోపల పడుకుని ఉన్నప్పుడు ఎందుకు రాలేదని నన్ను నేను అడగాలి. ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే ఆ పేరు అసలు నా నోటికి రాని పేరుగానే ఉండాలి. ఇంత ఆలోచన అప్పుడు నాకు మాటల్లో లేదు. ఈ రోజు చెబుతూ ఉంటే తెలుస్తోంది.

కొన్నేళ్ళకు హిల్డక్కకు కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ కోసం నెల్లూరు పోయింది. అంగడి నా మీద పడింది. నేను గౌన్లు కత్తిరించాను, సిర్వాళ్ళు కుట్టాను, బేరాలాడాను, దెబ్బలాడాను. రోజంతా హిల్డా, హిల్డా. మొదట్లో ఆమె చెప్పింది కాబట్టి పలికేదాన్ని. పోనుపోను ఎవరూ చెప్పకపోయినా తల దానంతట అదే లేచేది. సముద్రపు ఒడ్డున చేపలు కొంటున్నా, ఎవరో హిల్డా అంటే తిరిగేదాన్ని. నా సొంత పేరు మాత్రం రవి ఫోన్ చేసినప్పుడు కూడా వినపడదు. వాడు అమ్మా అంటాడు.

ఆమె తిరిగి వచ్చింది సామాను సర్దుకోవడానికే. గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది. తలకు గుడ్డ చుట్టుకుని, గోడ పక్కన ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని నా కుట్టుపని తిరగేసి లోపలి వైపు చూస్తోంది. అప్పుడే ఉమ్ సాలిం లోపలికి వచ్చి గుడ్డ మూట బల్ల మీద పడేసి నా మొహంలోకి చూస్తూ, “హిల్డా, ఇది పండక్కి కావాలి” అంది. “ఆఁ” అన్నాను. నోటినుంచి వచ్చేసింది. వచ్చాక చూశాను, హిల్డక్క కూడా తల ఎత్తి ఉంది, పలకడానికి నోరు తెరిచి. నా ‘ఆఁ’ విని నోరు మూసుకుంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. “నేను కాదు, ఆమె! ఆమె హిల్డా!” అని అరిచినట్టే చెప్పాను. ఉమ్ సాలిం అటు తిరిగి, అప్పుడు గుర్తుపట్టి, రెండు చేతులతో ఆ చిక్కిన మొహం పట్టుకుని ఏడ్చింది. హిల్డక్క ఆమె వీపు నిమురుతూ నాతో తెలుగులో అంది. “రెండు యుద్ధాలు ఒక అంగట్లో పట్టవుమే. ఉండు, నేను తప్పుకుంటుండా.” నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

ఆమె పోయే రోజు నేను ఆ మాటే పట్టుకుని, “ఇంక ఎవురు పిలిచినా పలకనక్కా. గంగులమ్మ అని చెప్తా” అన్నాను. “పలకాల” అంది గట్టిగా. “పలక్కపోతే నన్ను పిలిచేవోళ్ళు ఇంకెవురుండారు? ఊళ్ళో నేను మళ్ళా శాంతమ్మనే.” అప్పుడు టాక్సీ వచ్చింది. అప్పుడే, అద్దం దించి, పేరుకు పేరు అడిగింది. తన దగ్గర ఉన్నదాంట్లో తనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇచ్చి, నా దగ్గర మిగిలిన ఒక్కటి అడిగింది. మరీ పెద్దది అడగలేదు. ఒక్క మాట. నేను సిగ్గక్కా అన్నాను.

ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేస్తాననుకునేదాన్ని. ఆమె గొంతు విన్నాక, మందులు వేసుకున్నావా అక్కా, అన్నం తింటున్నావా అక్కా అని వేరే మాటలు వచ్చేవి. ఆమె మళ్ళీ అడగలేదు కూడా. ఒకనాడు ఆ నంబరు నుంచి ఆమె చెల్లెలు మాట్లాడింది. వెనకాల ప్రార్థన వినపడుతోంది. తర్వాత ఒక ఫోటో పంపారు, వీధి మొదట్లో కట్టిన సంతాపం ఫ్లెక్సీ. అప్పటికి సోహారులో ఉద్యోగానికి వచ్చి నన్ను తన దగ్గరికి తెచ్చుకున్న రవి చదివి వినిపించాడు. మీద పెద్ద అక్షరాలతో ‘శాంతమ్మ’ అని ఉంది. కింద కొడుకుల పేర్లు, మనవళ్ళ పేర్లు. హిల్డా అన్న మాట ఎక్కడన్నా ఉందేమో సరిగ్గా చూడరా అన్నాను. ఫోన్లో పెద్దది చేసి మూలమూలా చూశాడు. లేదమ్మా అన్నాడు. వాళ్ళ తప్పేమీ కాదు, వాళ్ళకు తెలిసిన పేరు వాళ్ళు రాసుకున్నారు. బర్కాలో అంగడి కూడా చేతులు మారింది, ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేస్తారు. బోర్డు ఎప్పుడు దింపారో నాకు తెలియదు.

అందుకే ఈ పుస్తకం మాట వినగానే నేను చెబుతాను అన్నాను. ఈ ఒమాను దేశంలో నెల్లూరు ఆడమనిషి ఒకతె ఉండేది. ఆమె పేరు హిల్డా, ఆ పేరుకు యుద్ధమని అర్థం, ఆమె ఆ పేరుతో పిలిపించుకోవడానికి సముద్రం దాటి వచ్చింది. ఇది అచ్చులో పడాలి. సోహారులో కూడా నా దగ్గరికి గౌన్లు తెచ్చే ఆడవాళ్ళకు నేను హిల్డా అనే చెప్పుకున్నాను. పిలిస్తే పలుకుతున్నాను. పలికిన ప్రతిసారీ తల దించుకుంటాను. ఎందుకంటే ఆమెది తీసుకున్నాను, నాది ఇవ్వలేదు.

శిరీషా, రాయడం ఆపకు. నా మొహం చూడకు, రాయి.

మా ఆయన పేరు నరసింహులు. అక్కా, వింటున్నావా, నరసింహులు.

ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఇస్త్రీ చేసిన గుడ్డ బల్ల మీదే ఉంది. సిగ్గు పోతుందనుకున్నాను, పోలేదు. ఇంత చిన్న మాటా అని ఇంకా ఎక్కువైంది. ఇంత చిన్న మాట కోసమా ఆ కిటికీ ముందు అట్లా నిలబడింది, ఇంత చిన్న మాటనా టాక్సీలో కూర్చున్న మనిషికి లేదన్నది.

రాశావామ్మా? ఏడవకు, కాగితం తడుస్తుంది. ఇప్పుడు మొదటినుంచి చదువు, నేను కళ్ళు మూసుకుని వింటాను. ఆ రెండు పేర్లు వచ్చినచోట గొంతు తగ్గించకుండా చదువు.